వర్జీనియా ఎన్నికల ఫలితాలు: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబర్ మొదటి వారం వచ్చిందంటే ఖమ్మం నుంచి మా నాన్న ఫోన్ తప్పదు. "మీ దగ్గర ఎవరు గెలిచారురా?" అంటారు. మొన్నే కదా గెలిచారు, మళ్లీ ఎన్నికలేంటి అని కూడా ఆయనే అంటారు. ఇక్కడ వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఉండే స్నేహితులు కూడా దాదాపు ఇవే ప్రశ్నలు వేస్తారు. కాకపోతే కొంచెం సిగ్గుపడుతూ అడుగుతారు, పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నారు కాబట్టి. ఏటా అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెట్టాను.

వర్జీనియాలో ప్రతి ఏడాదీ ఎన్నికలేనా?

అవును, ప్రతి నవంబర్‌లోనూ ఏదో ఒకటి ఉంటుంది. సరి సంఖ్య సంవత్సరాల్లో ఫెడరల్, అంటే దేశ స్థాయి ఎన్నికలు: ప్రెసిడెంట్, కాంగ్రెస్‌లోని రెండు సభలైన సెనెట్, హౌస్. బేసి సంఖ్య సంవత్సరాల్లో రాష్ట్ర ఎన్నికలు: గవర్నర్, రాష్ట్ర శాసనసభ, కౌంటీ బోర్డులు, షెరిఫ్, స్కూల్ బోర్డు. అన్నీ ఒకే ఏడాదిలో రావు. గవర్నర్ ఎన్నిక నాలుగేళ్లకోసారి, సరిగ్గా ప్రెసిడెంట్ ఎన్నిక అయిన మరుసటి ఏడాది వస్తుంది: 2017, 2021, 2025. న్యూజెర్సీకి కూడా ఇదే లెక్క. అందుకే ఆ ఏడాది దేశంలోని టీవీ వాళ్లందరి చూపూ ఈ రెండు రాష్ట్రాల మీదే ఉంటుంది.

రాష్ట్ర శాసనసభను ఇక్కడ జనరల్ అసెంబ్లీ అంటారు. అందులో రెండు సభలు. హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌లో 100 సీట్లు, కాలపరిమితి రెండేళ్లు. రాష్ట్ర సెనెట్‌లో 40 సీట్లు, నాలుగేళ్లు. "సెనెటర్ గెలిచాడు" అని ఎవరైనా చెబితే వాషింగ్టన్ సెనెటరా, రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్ సెనెటరా అని అడిగి తెలుసుకోండి. మన వాట్సాప్ గ్రూపుల్లో సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

గవర్నర్ అంటే మన రాజ్‌భవన్ గవర్నర్ లాంటి పదవేనా?

కాదు. ఇక్కడి గవర్నర్‌ని మన ముఖ్యమంత్రితో పోల్చుకోవాలి. జనం నేరుగా ఓటేసి గెలిపిస్తారు. బడ్జెట్ పెట్టేది, బిల్లులను వీటో చేసేది ఆయనో ఆమెనో. అయితే మన ముఖ్యమంత్రిలా శాసనసభలో మెజారిటీ ఉండాల్సిన పని లేదు. గవర్నర్‌ది ఒక పార్టీ, సభలు రెండూ ఇంకో పార్టీవి అయినా ప్రభుత్వం పడిపోదు. 2021లో గెలిచిన రిపబ్లికన్ గవర్నర్ గ్లెన్ యంగ్‌కిన్ చివరి రెండేళ్లూ అలాగే గడిపారు.

లెఫ్టినెంట్ గవర్నర్ మన హైదరాబాద్ ఆమె అంటున్నారు, నిజమేనా?

నిజమే. గజాలా హష్మీ హైదరాబాద్‌లో పుట్టారు. నాలుగేళ్ల వయసులో అమెరికా వచ్చి జార్జియాలో పెరిగారు. రిచ్‌మండ్ ప్రాంతంలో చాలా ఏళ్లు కాలేజీలో సాహిత్యం బోధించారు. 2019లో రిపబ్లికన్ చేతిలో ఉన్న రాష్ట్ర సెనెట్ సీటు గెలుచుకున్నారు. 2025 నవంబర్‌లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. అమెరికాలో రాష్ట్రం మొత్తం ఓటేసే పదవికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళ ఆవిడే. పక్కనే ఉన్న మేరీలాండ్‌లో 2022లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన అరుణా మిల్లర్ కూడా హైదరాబాద్‌లో పుట్టినవారే. పొటోమాక్ నదికి రెండు ఒడ్డుల మీదా అదే పదవిలో హైదరాబాద్‌లో పుట్టినవాళ్లే ఉన్నారన్నమాట. దీని మీద మా ఇంట్లో బిర్యానీ జోకులు చాలానే పేలాయి.

ఈ పదవిని ఢిల్లీ, పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్‌తో కలపకండి. అది నియామకం, ఇది ఎన్నిక. ఉప ముఖ్యమంత్రి అనుకున్నా పూర్తిగా సరిపోదు. రాష్ట్ర సెనెట్‌కు అధ్యక్షత వహించడం, ఓట్లు సమానంగా చీలినప్పుడు ఓటు వేయడం ప్రధానమైన పని. గవర్నర్ పదవి ఖాళీ అయితే ఆ కుర్చీ ఈమెకు వస్తుంది. ఇక్కడ గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్ పదవులకు మూడు వేర్వేరు ఓట్లు వేస్తాం. 2005లో గవర్నర్‌గా డెమోక్రాట్ టిమ్ కేన్, లెఫ్టినెంట్ గవర్నర్‌గా రిపబ్లికన్ బిల్ బోలింగ్ గెలిచారు. నాలుగేళ్లు ఆ జంట అలాగే నడిచింది.

హష్మీ గెలుపులో చాలామంది పట్టించుకోని అంకె ఒకటి ఉంది. జూన్‌లో జరిగిన డెమోక్రాటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికలో, ఆరుగురు పోటీ చేశారు. ఆమెకు వచ్చింది 27 శాతం చిల్లర మాత్రమే. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన ఇద్దరూ 26 శాతం దగ్గర ఆగిపోయారు. అసలు పోటీ నవంబర్‌లో జరగలేదు, జూన్‌లోనే జరిగిపోయింది.

యంగ్‌కిన్ బాగానే చేశాడన్నారు కదా, 2025లో మళ్లీ ఎందుకు నిలబడలేదు?

నిలబడటానికి వీల్లేదు. వర్జీనియా రాజ్యాంగం ప్రకారం గవర్నర్ వరుసగా రెండోసారి పోటీ చేయకూడదు. యాభై రాష్ట్రాల్లో ఈ నియమం ఇక్కడ ఒక్కచోటే మిగిలింది. నాలుగేళ్లు విరామం ఇచ్చి రావచ్చు. మిల్స్ గాడ్విన్ అలా రెండుసార్లు గెలిచారు: 1965లో డెమోక్రాట్‌గా, 1973లో రిపబ్లికన్‌గా. పార్టీ ఫిరాయింపు మన సొత్తేమీ కాదు. 2013లో గెలిచి ఒకసారి గవర్నర్‌గా చేసిన టెర్రీ మెకాలిఫ్ కూడా 2021లో తిరిగి రావాలని చూసి యంగ్‌కిన్ చేతిలో ఓడిపోయారు. తేడా రెండు శాతం లోపే.

2024 ఫెడరల్ ఫలితాలు ఏమిటి?

ప్రెసిడెంట్ ఓటు కమలా హారిస్‌కు దాదాపు 52 శాతం, ట్రంప్‌కు 46 శాతం. పోలైన ఓట్లు సుమారు 45 లక్షలు.

సెనెట్‌కు టిమ్ కేన్ 54 శాతం పైగా ఓట్లతో మూడోసారి గెలిచారు. రిపబ్లికన్ అభ్యర్థి, నేవీలో పనిచేసిన హంగ్ కావ్ 45 శాతం దగ్గర ఆగారు. అంటే హారిస్‌కు వేయకుండా కేన్‌కు వేసినవాళ్లు ఉన్నారు. మన దగ్గర పార్లమెంటుకు ఒకరికి, అసెంబ్లీకి ఇంకొకరికి వేసే క్రాస్ ఓటింగ్ లాంటిదే ఇది.

హౌస్‌లో రాష్ట్రానికి 11 సీట్లు. డెమోక్రాట్లకు 6, రిపబ్లికన్లకు 5 వచ్చాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే లౌడన్ కౌంటీ పదో జిల్లాలో ఉంది (ఇక్కడ జిల్లా అంటే మన నియోజకవర్గం). అక్కడ సుహాస్ సుబ్రమణ్యం గెలిచారు. వర్జీనియా నుంచి కాంగ్రెస్‌కు వెళ్లిన తొలి భారత సంతతి వ్యక్తి. ఆయన తల్లిదండ్రులు బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు, ఆయన పుట్టింది హ్యూస్టన్‌లో. పేరు చూసి "మనవాడే" అని ఏ గ్రూపులో పెట్టినా తెలుగువాళ్లు, తమిళులు, కన్నడిగులు ముగ్గురూ వాటాకు వస్తున్నారు. గట్టి పోటీ మాత్రం ఏడో జిల్లాలో జరిగింది. యూజీన్ విండ్‌మన్ అక్కడ రెండు, మూడు శాతం తేడాతో బయటపడ్డారు.

దేశంలో ట్రంప్ గెలిచాడు, ఇక్కడ ఓడిపోయాడు అంటారేమిటి?

ప్రెసిడెంట్‌ను ఎన్నుకునేది రాష్ట్రాల వారీగా వచ్చే ఎలక్టోరల్ ఓట్లు. వర్జీనియాకు 13 ఉన్నాయి: 11 హౌస్ సీట్లు, 2 సెనెట్ సీట్లు కలిపి. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారికి పదమూడూ పోతాయి. 46 శాతం తెచ్చుకున్న ట్రంప్‌కు ఇక్కడి నుంచి దక్కింది సున్నా. 1952 నుంచి 2004 వరకు పద్నాలుగు ఎన్నికల్లో పదమూడుసార్లు రిపబ్లికన్లకే వేసిన రాష్ట్రం ఇది. మినహాయింపు 1964 ఒక్కటే. 2008లో ఒబామాతో తిరగబడింది. అప్పటి నుంచి మళ్లీ రిపబ్లికన్ల వైపు పోలేదు.

2025 రాష్ట్ర ఫలితాలు?

డెమోక్రాట్లు ఊడ్చేశారు. గవర్నర్‌గా అబిగైల్ స్పాన్‌బర్గర్ 57 శాతం పైగా ఓట్లతో విన్సమ్ ఎర్ల్-సియర్స్‌ను ఓడించారు. వర్జీనియాకు తొలి మహిళా గవర్నర్. పోటీలో ఉన్న ప్రధాన అభ్యర్థులిద్దరూ మహిళలే కాబట్టి ఎవరు గెలిచినా ఆ మాట రాయాల్సి వచ్చేదే. లెఫ్టినెంట్ గవర్నర్‌గా హష్మీ 55 శాతం పైచిలుకుతో జాన్ రీడ్ మీద గెలిచారు. అటార్నీ జనరల్‌గా జే జోన్స్ దాదాపు 53 శాతంతో పదవిలో ఉన్న జేసన్ మియారెస్‌ను ఓడించారు. హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌లో డెమోక్రాట్ల బలం 51 నుంచి 64కు పెరిగింది. రాష్ట్ర సెనెట్‌కు ఆ ఏడాది ఎన్నిక లేదు. అక్కడ 2023లో వచ్చిన 21-19 లెక్కే నడుస్తోంది.

పై మూడు శాతాలను వరుసగా చదవండి: 57, 55, 53. ఒకే రోజు, ఒకే బ్యాలెట్ పేపరు, ఒకే పార్టీ. అయినా ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చింది. జోన్స్ పాత ఫోన్ మెసేజీల్లో హింసాత్మక మాటలు అక్టోబర్‌లో బయటపడి పెద్ద గొడవైంది. పైన స్పాన్‌బర్గర్‌కు వేసి కింద మియారెస్‌కు వేసినవాళ్లు గణనీయంగానే ఉన్నారు. వర్జీనియా బ్యాలెట్‌లో "పార్టీ మొత్తానికి ఒకే గుర్తు" అనే సౌకర్యం లేదు. ఒక్కో పదవికీ విడిగా గడి నింపాల్సిందే.

ఒక్క ఏడాదిలో ఆరు శాతం ఆధిక్యం పదిహేనుకు ఎలా పెరిగింది?

మొదటి సంగతి, ఓటర్లు వేరు. 2024లో 45 లక్షలు పోలైతే 2025లో సుమారు 34 లక్షలు. ఆ పదకొండు లక్షల మంది ఇంట్లో ఉండిపోయారు. ప్రెసిడెంట్ పేరు పేపరు మీద ఉంటేనే కదిలేవాళ్లు వాళ్లు.

రెండోది, పాత అలవాటు. వైట్‌హౌస్‌లో ఏ పార్టీ ఉంటే మరుసటి ఏడాది వర్జీనియా దానికి ఎదురుగా వేస్తుంది. 1977 నుంచి ఇదే తంతు. 2013లో మెకాలిఫ్ ఒక్కరే దాన్ని తప్పించుకున్నారు. మన దగ్గర ఉప ఎన్నికలు అధికార పార్టీకి కలిసొస్తాయంటారు. ఇక్కడ దానికి పూర్తిగా తలకిందులు.

మూడోది జీతాల సంగతి. ఉత్తర వర్జీనియాలో ఇంటికొకరు కాకపోయినా వీధికి ఇద్దరు ముగ్గురు ఫెడరల్ ఉద్యోగులో, ఆ కాంట్రాక్టుల మీద పనిచేసేవాళ్లో ఉంటారు. 2025 మొదట్లో ఉద్యోగాల కోతలు, అక్టోబర్ 1 నుంచి షట్‌డౌన్, అంటే బడ్జెట్ ఆమోదం లేక ఫెడరల్ ఆఫీసులు మూతపడటం. ఎన్నిక రోజుకు ఐదో వారం, చాలామందికి జీతం పడలేదు. మా వీధిలో ఆ నెలంతా ఆ టెన్షన్ కనిపించింది. ఈ మూడింట్లో దేనికి ఎంత వాటా అని కచ్చితంగా తూచి చెప్పేవాళ్ల మాట నేను అంత తొందరగా నమ్మను.

ఫలితాల రాత్రి మొదట ఒకరు ముందుంటారు, గంటలో తారుమారవుతుంది. ఏదో జరుగుతోందని అనుమానం రాదా?

వస్తుంది, నాకూ మొదట్లో వచ్చింది. మా నాన్నకైతే ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

పోలింగ్ ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకు. ఏడింటికి లైన్లో ఉన్నవారంతా ఓటు వేయొచ్చు. భారతదేశంలో అప్పటికి మరుసటి రోజు ఉదయం ఐదున్నర. మనలా ఓట్ల పెట్టెలు స్ట్రాంగ్ రూముకు పోయి నెలకో వారానికో లెక్కించడం ఇక్కడ ఉండదు. కౌంటింగ్ తేదీ అంటూ వేరే లేదు. బూత్‌ను ఇక్కడ ప్రిసింక్ట్ అంటారు. ఏడు దాటగానే ఎక్కడి ప్రిసింక్ట్‌లో అక్కడే స్కానర్ నుంచి కిరాణా బిల్లులా పొడుగు చీటీ బయటికి వస్తుంది. ఆ అంకెలు కౌంటీ ఆఫీసుకు, అక్కడి నుంచి రాష్ట్ర వెబ్‌సైటుకు చేరతాయి.

చిన్న ఊళ్లలో ఐదారు వందల ఓట్లుంటే పని ఎనిమిదికల్లా అయిపోతుంది. నైరుతి మూలన బొగ్గు గనుల వైపు, షెనాండోవా లోయలో ఉన్న చిన్న కౌంటీలు తొందరగా తేలిపోతాయి. అక్కడ రిపబ్లికన్లు బలంగా ఉంటారు. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో పదకొండు లక్షలకు పైగా జనాభా. అది నెమ్మదిగా తేలుతుంది, అక్కడ డెమోక్రాట్లు బలం. అంతే రహస్యం. ఖమ్మం పల్లెల రౌండ్లు ముందు వచ్చి, హైదరాబాద్ రౌండ్లు ఆఖర్న వస్తే స్కోరు ఎలా ఊగుతుందో ఊహించుకోండి.

2014లో సెనెటర్ మార్క్ వార్నర్ రాత్రి చాలాసేపు ఎడ్ గిలెస్పీ కంటే వెనకే ఉన్నారు. చివరికి సుమారు 17,700 ఓట్లతో, అంటే ఒక్క శాతం లోపు తేడాతో బయటపడ్డారు. 2020లో అయితే తెర మీద ట్రంప్ ముందున్నట్టు కనిపిస్తుండగానే అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ పోలింగ్ ముగిసిన గంటలోపే బైడెన్ గెలిచారని చెప్పేసింది. ఫోన్లు మోగిపోయాయి. కారణం మామూలుదే. ముందస్తు ఓట్లన్నింటినీ అప్పట్లో కౌంటీకంతటికీ ఒకే ముద్దగా, ఒక ఊహా ప్రిసింక్ట్ కింద లెక్కించేవారు. ఫెయిర్‌ఫాక్స్‌లో లక్షల ఓట్లున్న ఆ ముద్ద అర్ధరాత్రి దాటాక ఒక్కసారిగా పడితే స్కోరు ఎగిరి దూకింది.

తర్వాత చట్టం మార్చారు. 2022 నుంచి ముందస్తు ఓట్లను కూడా ఓటరు ఏ ప్రిసింక్ట్‌కు చెందితే ఆ లెక్కలోనే చూపిస్తున్నారు. ఇది మంచి మార్పు. ప్రిసింక్ట్ ఫలితం చదివితే ఆ కాలనీ ఎటు వేసిందో ఇప్పుడు నిజంగా తెలుస్తుంది. అంతకుముందు సంవత్సరాలతో ప్రిసింక్ట్ స్థాయిలో పోల్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. పాత అంకెల్లో ముందస్తు ఓట్లు లేవు కాబట్టి పోలిక తప్పుతుంది. యూట్యూబ్ విశ్లేషకులు పదేపదే చేసే తప్పు ఇది.

టీవీలో గెలిచారని చెప్పాక ఇంకా ఏముంటుంది?

టీవీ వాళ్లది అంచనా. పాత లెక్కలు చూసి, ఇంకా రావాల్సిన ఓట్లతో ఫలితం మారదని నమ్మకం కుదిరాక చెబుతారు. చట్టం దృష్టిలో ఆ రాత్రి వెబ్‌సైటులో ఉన్న అంకెలు కూడా అనధికారికమే.

ఎన్నిక రోజు లోపు పోస్ట్‌మార్క్ పడిన పోస్టల్ బ్యాలెట్లు శుక్రవారం మధ్యాహ్నం దాకా వస్తే చెల్లుతాయి. గడువు దాటాక పేరు నమోదు చేసుకున్నవారు ప్రొవిజనల్ బ్యాలెట్ వేస్తారు. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించి లెక్కలోకి తీసుకుంటారు. కౌంటీ ఎలక్టోరల్ బోర్డు చీటీలు, పుస్తకాలు, అంకెలు మళ్లీ సరిచూస్తుంది. దీన్ని కాన్వాస్ అంటారు. ఎక్కడో 317ను 371గా టైపు చేసిన తప్పులు ఇక్కడే దొరుకుతాయి. చివరికి డిసెంబర్ మొదటి సోమవారం రాష్ట్ర ఎన్నికల బోర్డు సంతకాలు పెడుతుంది. అందుకే రాత్రి చూసిన అంకె, డిసెంబర్ అంకె ఎప్పుడూ కాస్త తేడాగా ఉంటాయి. నేను శాతాలను గుండుగుత్తగా చెప్పడానికి అదీ ఒక కారణం.

"మెజారిటీ ఎంత" అని అడిగితే ఇక్కడివాళ్లు తికమకపడుతున్నారు. ఎందుకు?

మనకు మెజారిటీ అంటే గెలిచినవారికీ రెండో స్థానానికీ మధ్య తేడా. "పదివేల మెజారిటీతో గెలిచాడు" అంటాం. ఇక్కడ ఆ మాటకు సగానికి మించి అని అర్థం. తేడాను మార్జిన్ అంటారు. 2013లో మెకాలిఫ్ దాదాపు 48 శాతంతో గవర్నర్ అయ్యారు. ఇక్కడివారి భాషలో ఆయనకు మెజారిటీ రాలేదు. మన భాషలో రెండున్నర శాతం మెజారిటీ వచ్చింది.

రిచ్‌మండ్‌లో డెమోక్రాట్లు గెలిచారని ఒకరు, ట్రంప్ గెలిచాడని ఒకరు చెప్పారు. ఏది నిజం?

రెండూ. రాజధాని రిచ్‌మండ్ నగరం వేరు, రిచ్‌మండ్ కౌంటీ వేరు. కౌంటీ ఎక్కడో తూర్పున నదుల మధ్య ఉన్న చిన్న పల్లె ప్రాంతం, రిపబ్లికన్లకు పెట్టింది పేరు. నగరం డెమోక్రాట్ల కంచుకోట. వర్జీనియాలో 95 కౌంటీలు, వాటితో సంబంధం లేని 38 స్వతంత్ర నగరాలు ఉన్నాయి. అంటే ఫలితాల పట్టికలో 133 వరుసలు. ఫెయిర్‌ఫాక్స్, రోనోక్, ఫ్రాంక్లిన్ పేర్లు కూడా రెండేసిసార్లు కనిపిస్తాయి. చివర "నగరం" అని ఉందా, "కౌంటీ" అని ఉందా చూసుకోండి.

ఈవీఎంలా, కాగితమా?

కాగితం. ఓటరు పెన్నుతో గడి నింపి స్కానర్‌లో పెడతాడు. కాగితం లేని టచ్ స్క్రీన్ యంత్రాలను 2017 సెప్టెంబర్‌లో, గవర్నర్ ఎన్నికకు రెండు నెలల ముందు, రాష్ట్రం పక్కన పెట్టేసింది. స్కానర్ లెక్కకు అనుమానం వస్తే పెట్టెలో అసలు కాగితాలుంటాయి.

నోటా ఉందా? డిపాజిట్ గల్లంతవుతుందా?

రెండూ లేవు. నచ్చకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయొచ్చు. లేదా కింద గీత మీద ఇష్టమైన పేరు రాయొచ్చు. ఫలితాల్లో "రైట్-ఇన్" అని కనిపించేది అదే. కౌంటీ పదవులకు ఇంకో చిక్కు ఉంది, బ్యాలెట్ మీద పార్టీ పేరు అచ్చు వేయరు. మన పంచాయతీ ఎన్నికల్లాగే, ఎవరు ఎవరి మనిషో బయట తెలుసుకుని లోపలికి వెళ్లాలి.

తేడా మరీ తక్కువైతే రీకౌంట్ దానంతట అదే జరుగుతుందా?

జరగదు, ఓడినవారు కోర్టుకు వెళ్లి అడగాలి. తేడా ఒక శాతం లోపు ఉంటేనే అడగొచ్చు. అర శాతం లోపైతే ఖర్చు ప్రభుత్వానిది, అంతకు మించితే అడిగినవారిది. ముగ్గురు జడ్జీల బెంచి దగ్గరుండి జరిపిస్తుంది. 2024 జూన్‌లో అయిదో జిల్లా రిపబ్లికన్ ప్రైమరీలో అప్పటి ఎంపీ బాబ్ గుడ్ 374 ఓట్లతో ఓడి సొంత ఖర్చుతో రీకౌంట్ పెట్టించుకున్నారు. ఫలితం మారలేదు, సీటు పోయింది.

2013 అటార్నీ జనరల్ ఎన్నిక ఇంకా విచిత్రం. 22 లక్షలకు పైగా ఓట్లలో మార్క్ హెరింగ్ ఆధిక్యం 165. రీకౌంట్ అయ్యాక 907. ఓడిన అభ్యర్థి పేరు కూడా మార్కే, మార్క్ ఒబెన్‌షైన్.

ఓట్లు సరిసమానంగా వస్తే?

చీటీ తీస్తారు. మన ప్రజాప్రాతినిధ్య చట్టంలోనూ లాటరీయే ఉంది, సర్పంచ్ ఎన్నికల్లో చాలామంది చూసే ఉంటారు. వర్జీనియాలో దీనికి దేశమంతా చూసిన ఉదాహరణ ఒకటి ఉంది.

2017 నవంబర్. న్యూపోర్ట్ న్యూస్‌లో 94వ జిల్లా డెలిగేట్ సీటు. రిపబ్లికన్ డేవిడ్ యాన్సీ పది ఓట్లతో గెలిచారని లెక్క తేలింది. డెమోక్రాట్ షెల్లీ సైమండ్స్ రీకౌంట్ అడిగారు. డిసెంబర్ 19న ఫలితం తిరగబడింది: ఆమెకు 11,608, ఆయనకు 11,607. ఒక్క ఓటు. ఆ రాత్రి సంబరాలు కూడా అయిపోయాయి. మర్నాడు జడ్జీల ముందుకు ఒక బ్యాలెట్ వచ్చింది. ఆ ఓటరు ఎవరో గాని ఇద్దరి గడులూ నింపి, సైమండ్స్ గడి మీద అడ్డంగా ఒక గీత గీశాడు. కొట్టేశాడనుకోవాలా, పొరపాటున గీసుకుందా? జడ్జీలు దాన్ని యాన్సీ ఖాతాలో వేశారు. 11,608కి 11,608.

ఆ ఒక్క సీటు మీదే వంద మంది సభ ఎవరిదో ఆధారపడి ఉంది. సైమండ్స్ గెలిస్తే 50-50, యాన్సీ గెలిస్తే రిపబ్లికన్లకు 51-49. 2018 జనవరి 4న రిచ్‌మండ్‌లో ఎన్నికల బోర్డు కూర్చుంది. రెండు పేర్లు రెండు కాగితాల మీద రాసి, పాతకాలం కెమెరా ఫిల్మ్ డబ్బాల్లో పెట్టి, మ్యూజియం నుంచి తెచ్చిన నీలం తెలుపు పింగాణీ గిన్నెలో వేశారు. బోర్డు చైర్మన్ ఒక డబ్బా తీశారు. యాన్సీ. సభ రిపబ్లికన్లకు దక్కింది. రెండేళ్ల తర్వాత అదే సీటులో సైమండ్స్ మళ్లీ పోటీ చేసి గెలిచారు. ఈసారి గిన్నె అవసరం రాలేదు.

"ఒక్క ఓటుతో ఏమవుతుంది" అని పోలింగ్ రోజు ఆఫీసు నుంచి నేరుగా ఇంటికి వెళ్లిపోయేవాళ్లకు నేను ఈ కథే చెబుతాను. ఇంకేమీ కలపను.

లౌడన్ కౌంటీ పేరు టీవీలో అంతగా ఎందుకు వినిపిస్తుంది?

పెద్ద కౌంటీల్లో తొందరగా లెక్క ముగించేది అది. పైగా చదువుకున్న, జీతాలెక్కువున్న శివారు ప్రాంతం ఎటు కదులుతోందో చెప్పే థర్మామీటర్ లాంటిది. 2004లో బుష్‌కు వేసింది. 2008లో ఒబామాకు మారింది. 2020లో బైడెన్‌కు 61 శాతం ఇచ్చింది. 2021లో మెకాలిఫ్‌కు 55కు పడింది. అది స్కూళ్లలో ఏం చెప్పాలి, తల్లిదండ్రుల మాటకు విలువెంత అని స్కూల్ బోర్డు సమావేశాల్లో కేకలేసుకున్న ఏడాది. 2024లో హారిస్‌కు 56. ఆ రాత్రి ఆ అంకె చూసే చాలామందికి దేశం ఎటు పోతోందో అర్థమైపోయింది. 2025లో స్పాన్‌బర్గర్‌కు మళ్లీ 60 దాటింది.

ఆష్‌బర్న్, సౌత్ రైడింగ్, బ్రాంబుల్టన్ వైపు తెలుగు ఇళ్లు ఎన్నో. అయితే "తెలుగువాళ్లు ఇటు వేశారు" అని ఫలితాలు చూసి చెప్పడం కుదరదు. ప్రిసింక్ట్ అంకెల్లో భాష ఉండదు.

నాది హెచ్-1బి, మా ఆవిడకు గ్రీన్‌కార్డు. మేం ఓటు వేయొచ్చా?

వేయకూడదు, ఇద్దరూ. పౌరసత్వం ఉన్నవారికే ఓటు. ఇక్కడ ఒక హెచ్చరిక. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో తెర మీద పౌరులా కాదా అన్న ప్రశ్న, ఓటరుగా నమోదు చేయాలా అన్న ప్రశ్న వస్తాయి. తొందరలో తప్పు బటన్ నొక్కితే ఓటరు జాబితాలో పేరు చేరిపోవచ్చు. తర్వాత పౌరసత్వ దరఖాస్తు పెట్టినప్పుడు అది మెడకు చుట్టుకుంటుంది. ఓటు కూడా వేస్తే దేశం నుంచి పంపించేయవచ్చు. నాకు తెలిసిన ఒకాయన ఇలాగే పొరపాటున బటన్ నొక్కి, పేరు తీయించుకోవడానికి లాయర్ దాకా వెళ్లారు.

చందాల సంగతి కూడా అంతే. గ్రీన్‌కార్డు ఉన్నవారు అభ్యర్థులకు చందా ఇవ్వొచ్చు. హెచ్-1బి మీద ఉన్నవారు ఇవ్వకూడదు. తానా, ఆటా లాంటి తెలుగు సంఘాల పరిచయాల్లో ఎవరైనా అడిగితే మొహమాటపడకుండా ఈ మాట చెప్పండి.

పాత ఫలితాలు ఎక్కడ చూడాలి?

రాష్ట్ర ఎన్నికల శాఖ వెబ్‌సైటులో. పదవి, సంవత్సరం, కౌంటీ వారీగా దొరుకుతాయి. వికీపీడియా కంటే అదే నయం.

మీరు ఎవరికి వేశారు?

ఇది మా నాన్న ఏటా ఆఖర్న అడిగే ప్రశ్న. ఇక్కడ నేను ఓటు వేశానా లేదా అన్నది రహస్యం కాదు. ఆ జాబితాను పార్టీలు, అభ్యర్థులు కొనుక్కోవచ్చు. తలుపు తట్టేవాళ్ల దగ్గర మన పేరు ముందే ఉండేది అందుకే. ఎవరికి వేశానన్నది మాత్రం ఏ జాబితాలోనూ ఉండదు. నాన్నకూ ఇంతవరకు చెప్పలేదు.